ఓడ దిగిన పింగాణీ పళ్ళెం



తళవాయిపురం, రాజపాళయం వైపు తెలుగిళ్ళలో మనం పింగాణీ అంటాం. పక్కింటి తమిళులు పీంగాన్ అంటారు. వస్తువు మాత్రం ఇద్దరిదీ కాదు, చైనావారిది.

పాత చైనా పళ్ళేలు కూడబెట్టడమంటే మనకు మొదట గుర్తొచ్చేది హైదరాబాదు. 1949లో కన్నుమూసిన మూడవ సాలార్ జంగ్ సేకరణతో 1951 డిసెంబరు 16న మ్యూజియం తెరిచారు. అందులో లేత ఆకుపచ్చ చైనా పళ్ళేలున్నాయి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే అలాంటి పళ్ళెం రంగు మారుతుందని పూర్వం ప్రభువులు నమ్మేవారు. నమ్మకంలో నిజం లేదు గాని, భోజనానికి కూర్చున్నవారికి కాస్త ధైర్యం ఇచ్చే ఉంటుంది.

అయితే అద్దాల బీరువాలో ఉన్న పళ్ళెం తాను ఏ రేవులో దిగిందో చెప్పదు. ఆ సంగతి చెప్పేవి మట్టిలోని పెంకులు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును వెనుకటి రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ప్రకటించాడు. సుంకాల పట్టికలో గంధం, చీనికర్పూరం, ముత్యాలు, పట్టు ఉన్నాయి. పింగాణీ లేదు. కాని అక్కడి నేలలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి! రాతిలో లేని మాట మట్టిలో ఉందన్నమాట.

మన దగ్గరి తీరానిదీ అదే కథ. మార్కో పోలో 13వ శతాబ్దం చివర మోటుపల్లితో పాటు తామ్రపర్ణి ముఖద్వారంలోని కాయల్ రేవునూ వర్ణించాడు. రామనాథపురం తీరాన పెరియపట్టినంలో 1987లో తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం తవ్వితే 13, 14 శతాబ్దాల చైనా పెంకులు బయటపడ్డాయి.

ఇక పళ్ళెం కొనేవారికి ఒక మాట. నీలి బొమ్మ గాజుపూత కింద ఉంటుంది, గోటికి తగలదు. ఎరుపు, గులాబీ రంగులు పూత మీద వేసినవి, వేలికి తెలుస్తాయి, వాడగా అరుగుతాయి. అడుగున ఉన్న చక్రవర్తి ముద్రను మాత్రం నమ్మకండి. కాంగ్‌షీ కాలంలో, అంటే 1662 నుంచి 1722 వరకు, చైనా కుమ్మరులే అంతకు రెండు వందల ఏళ్ళ కిందటి ముద్రలు వేసేవారు. మోసానికి కాదు, పెద్దల పనితనం మీద గౌరవంతో.

నూరేళ్ళు దాటిన పళ్ళేన్ని అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదని 1972 చట్టం చెబుతోంది. సముద్రపుటొడ్డున పువ్వు బొమ్మ ఉన్న పెంకు కనబడితే జేబులో వేసుకోకండి. అది పడి ఉన్న చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖవారికి చెప్పండి. చోటు తెలియకపోతే అది ఉత్త పగిలిన పళ్ళెమే.