కోల్డ్ స్టార్ట్ మిస్సింగ్

కోల్డ్ స్టార్ట్ మిస్సింగ్ అంటే చల్లగా ఉన్న కార్బ్యురేటర్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం కొన్నిసార్లు అంటుకోకపోవడం. బరువు లెక్కన 1 పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోయినా, చల్లని ఇంజిన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. చోక్ గాలిని తగ్గించి ఆ లోటు పూడుస్తుంది. పల్నాడు జిల్లా చిలకలూరిపేట వంటి పత్తి, మిరప ప్రాంతాల్లో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లకూ, పాత మోపెడ్లకూ ఈ లోపం వస్తుంది.

నిర్ధారణలో మొదటి ఆధారం స్పార్క్ ప్లగ్. చాలాసార్లు కిక్ కొట్టాక కూడా ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా స్పార్క్ బలహీనం. ప్లగ్‌పై పొడి నల్లమసి ఉంటే అది పెట్రోలు ఎక్కువైన చిక్కటి మిశ్రమానికి గుర్తు. ఇంజిన్ వేడెక్కాక కూడా చోక్ తీయగానే ఆగిపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమైన జెట్‌లో అడ్డు గానీ గాలి లీకు గానీ ఉంటుంది. మందు కొట్టే సీజను తర్వాత ట్యాంకులో వదిలేసిన పెట్రోలు జిగురై జెట్‌ను మూసేస్తుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు అమలయ్యాక చాలా కొత్త ద్విచక్ర వాహనాల్లో కార్బ్యురేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది.