ఇంటిపక్క దెబ్బతిన్న చెట్టు

గాలివాన, పిడుగు, పునాది తవ్వకం వంటి కారణాలవల్ల ఇంటి సమీపంలోని చెట్టు దెబ్బతిన్నప్పుడు దానిని కాపాడుకోవాలా, తొలగించాలా అన్నది చెట్టు స్థితిని, అది కూలితే కలిగే నష్టాన్ని కలిపి చూచి నిర్ణయించవలసి ఉంటుంది. తుఫానుల తాకిడి ఎక్కువగా గల కోస్తా ఆంధ్రలో ఈ సమస్య తరచుగా ఎదురవుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫానుకు ఆ నగరంలో చెట్లు పెద్దసంఖ్యలో నేలకూలాయి.

ప్రమాద సూచనలు

ఇంటికి, చెట్టుకు మధ్య దూరం చెట్టు ఎత్తుకంటె తక్కువైతే, కూలిన చెట్టు ఇంటిపై పడే అవకాశముంది. ఏళ్ల తరబడి వంగి పెరిగిన చెట్టుకంటె, గాలివానకు కొత్తగా ఒరిగిన చెట్టు ప్రమాదకరమైనది. ఒరిగిన దిశకు ఎదురువైపు నేల పగిలినా, పైకి ఉబికినా వేళ్లు తెగినట్లు భావించాలి. మొదట్లో పుట్టగొడుగులు మొలవడం లోపలి కుళ్లుకు గుర్తు. అయితే తొర్ర ఉన్న ప్రతి చెట్టూ కూలదు. చుట్టూ గట్టి కలప తగినంత ఉంటే అది చాలాకాలం నిలుస్తుంది. కొబ్బరికి ఎదిగే మొన ఒక్కటే కనుక, మొవ్వు చనిపోతే చెట్టు తిరిగి కోలుకోదు.

చికిత్స

విరిగిన కొమ్మను మూడు కోతలలో తీస్తారు. మానుకు కొంత దూరంలో కొమ్మ అడుగున సగం లోతుకు మించకుండా ఒక కోత, దానికి కాస్త అవతల పైనుండి రెండవ కోత వేసి బరువు తగ్గిస్తారు. మిగిలిన మోడును కొమ్మ మొదటి ఉబ్బుకు వెలుపల కోస్తారు. ఇందువల్ల బెరడు చీలదు. తొర్రలను సిమెంటుతో పూడ్చడం పాత పద్ధతి. గాయపడిన కణజాలం తిరిగి బాగుపడదని, చెట్టు దానిని వేరుపరచి కొత్త కలపను పెంచుకుంటుందని అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో (1930–2006) వివరించాడు.

తొలగింపు

కరెంటు తీగలు తాకుతున్న చెట్టును ముట్టరాదు. 1912 నంబరుకు తెలిపి, సరఫరా నిలిపిన తరువాతనే పని మొదలుపెట్టాలి. చోటు తక్కువైనప్పుడు చెట్టును ఒక్కసారిగా పడగొట్టక, పైనుండి ముక్కలుగా కోసి తాళ్లతో దించుతారు. చెట్ల నరికివేతను నియంత్రించే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అమలులో ఉంది. కావున ముందుగా స్థానిక అధికారులను సంప్రదించాలి. నల్లరేగడి నేలలలో పెద్ద చెట్టును తీసివేసిన తరువాత తేమ పెరిగి మట్టి ఉబ్బడంవల్ల గోడలు బీటలు వారవచ్చు.