ఊరి లెక్కల్లో ఒక రైతు వంశం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరారు. సర్వీసు జ్ఞాపకాలు మిత్రులు చాలామంది ఎటూ రాస్తారు. నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా కాగితాలతో కాపురం చేసినవాణ్ణి గనుక, ఆ కాగితాలు రిటైరైన తర్వాత నాకు పనికివచ్చిన వైనం రాద్దామనిపించింది. మా వంశవృక్షాన్ని ఊరి లెక్కల్లోంచి ఎలా పైకి తీశానన్నదే విషయం. ఇలాంటి ప్రయత్నం చేయదలచిన సభ్యులకు, వారి పిల్లలకు కొంత ఉపయోగపడవచ్చు.

రాజుల వంశావళి శాసనాల్లో దొరుకుతుంది. అగ్రహారీకులకు దానపత్రాలుంటాయి. నాగలి పట్టినవాడి తాతల పేర్లు ఎవరు రాసిపెట్టారు? వ్యవసాయ కులాలకు గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చిగుంట్లవారు (ప్రభుత్వ జాబితాలో ఇప్పుడు వీరిని వంశరాజ్ అంటున్నారు) కోతల కాలానికి కళ్లాల దగ్గరకు వచ్చి మా పెద్దల పేర్లు పాడేవారని నాన్నగారు చెప్పేవారు. నా చిన్నతనానికే ఆ రాకపోకలు తగ్గిపోయాయి. ఇక మిగిలింది శిస్తు లెక్క. రైతు పేరు కాగితమెక్కింది వాడి మీద గౌరవంతో కాదు, వాడి దగ్గర రూపాయి వసూలు చేయడానికి. ఆ సంగతి మనసులో ఉంచుకుని వెతికితే పేరు ఎక్కడుంటుందో, ఎక్కడుండదో ముందే తెలుస్తుంది.

మాది పూర్వపు నరసరావుపేట తాలూకా. వెతకడం మొదలుపెట్టగానే ఎదురయ్యే మొదటి చిక్కు జిల్లా పేరు. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది 1788లో. 1859లో గుంటూరు జిల్లానే తీసేసి, మా ప్రాంతాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు. తిరిగి 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. 2022లో మేము పల్నాడు జిల్లా వాళ్లమయ్యాం. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. 1870 నాటి రిజిస్టరును గుంటూరు జిల్లా పేరుతో అడిగితే ఏ రికార్డు గుమాస్తా అయినా లేదనే అంటాడు. అది కృష్ణా జిల్లా, బందరు కచేరీ కాగితం. ఒంగోలు వైపు వారికి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడటంతో మరో మెట్టు అదనం.

రెండో చిక్కు సంవత్సరం. పాత లెక్కలన్నీ ఫసలీల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ ఏడాది జూలైలో మొదలై మరుసటి జూన్‌తో ఆఖరవుతుంది. జమాబందీ చేసినవారికి ఇది కొత్త కాదు గాని, మన పిల్లలకు చెప్పాలి. ఇంట్లో పెద్దలు చెప్పే కాలం వేరు. వాళ్లకు నందన, ధాత అని కరువుల పేర్లే గుర్తు. నందన 1832-33, అంటే ఫసలీ 1242. గుంటూరు సీమలో దాన్నే డొక్కల కరువు అన్నారు. జిల్లాలోని అయిదు లక్షల జనంలో రెండు లక్షలమంది దాకా పోయారని చరిత్రకారుల అంచనా. ధాత కరువు 1876లో మొదలై 1878 దాకా సాగింది. ధాత సంవత్సరం ఫసలీ 1286కు సరిపోతుంది. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది గనుక, ముసలమ్మ నందన అంటే ఏ నందనో మనుమల వయసు లెక్కగట్టి తేల్చుకోవాలి.

నేను మా కాగితాలను ఇప్పటినుంచి వెనక్కి నడిపించాను. అన్నగారి పాసుపుస్తకం, దానికి ముందు అడంగళ్లు, పదో నంబరు లెక్క, దానికి ముందు రీసెటిల్మెంటు రిజిస్టరు, ఆ ముందు తొలి సర్వే, సెటిల్మెంటు నాటి డైగ్లాట్. రెండు భాషల్లో, ఇంగ్లీషులోను తెలుగులోను ఉంటుంది గనుక దానికా పేరు. సర్వే నంబరు, విస్తీర్ణం, తరం, శిస్తు, పట్టాదారు పేరు, అన్నీ ఒక్క వరసలో ఉంటాయి. దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు సర్వీసులో ఎన్నడూ కలగని భయభక్తులు కలిగాయి. శివాయి జమా కేసులకు, సరిహద్దు తగాదాలకు ఇదే రిజిస్టరు వందసార్లు తిరగేసి ఉంటాను. అప్పుడది ఎవరి తాతో!

డైగ్లాట్ కంటే వెనక్కి వెళితే పట్టాదారు పేరు అరుదు. కారణముంది. మా సీమ జమీందారుల కింద ఉండేది. నరసరావుపేట మల్రాజు వారిది, అమరావతి వాసిరెడ్డి వారిది, ఇంకా చిలకలూరిపేట, రేపల్లె జమీలు. ఊరి మొత్తానికి ఇంత అని శిస్తు గట్టితే, దాన్ని ఊళ్లోవాళ్లు వీసాల చొప్పున తమలో తాము పంచుకునేవారు. ఈ వీసబడి పద్ధతిలో సర్కారుకు ఊరు తెలుసు, పెద్దకాపు తెలుసు, కరణం తెలుసు; మూడెకరాల రైతుతో పనిలేదు. డొక్కల కరువు తర్వాత జమీలు బకాయిల్లో కూరుకుపోయి 1840లలో కంపెనీ చేతికి వచ్చాయి. రైతువారీ వచ్చింది. ప్రతి రైతుకూ ఒక పట్టా, ఒక పేరు. మూడెకరాలవాడు చరిత్రలోకి ఎక్కింది అప్పుడే.

అంతకు ముందరివి కైఫీయతులు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలు చూసి రాయించిన గ్రామచరిత్రలవి. మెకంజీ 1821లో పోయాడు. తర్వాత సి.పి. బ్రౌను వాటికి నకళ్లు తీయించకపోతే చాలా భాగం పురుగుల పాలయ్యేది. మా ప్రాంతపు కైఫీయతుల్లో కొండవీటి రెడ్డిరాజులు, గజపతులు, 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకోవడం, ఆ పిమ్మట గోలకొండ నవాబులు వరసగా వస్తారు. గుడికి ఇచ్చిన మాన్యం కుచ్చెళ్లతో సహా ఉంటుంది. కరణీకపు మిరాసీ ఎవరెవరికి ఎన్ని భాగాలో ఉంటుంది. రైతులు మాత్రం 'కాపులు' అన్న ఒక్క మాటలో ఇమిడిపోతారు. కైఫీయతులో మీ ఇంటిపేరు కనిపిస్తే సంతోషించండి గాని, ఆ పెద్దమనిషి మీ తాతేనని అప్పుడే శుభలేఖల మీద అచ్చు వేయించకండి.

ఇనాము భూమి ఉన్న కుటుంబాలవారు అదృష్టవంతులు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ విచారణ ఫలితమే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, మొదటివాడికి ఏమవుతాడు అని అందులో గడులున్నాయి. పూజారులు, కరణాలే కాదు, ఊరి చాకలి, మంగలి, వెట్టి మాన్యాలు కూడా అందులోకి ఎక్కాయి. పెద్దరైతుకు దొరకని వంశక్రమం ఒక్కోసారి ఊరి చాకలికి దొరుకుతుంది. జమీందారీ గ్రామాల వారికి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా సర్కారు సెటిల్మెంటు ఉండదు. వారు ఎస్టేటు కాగితాలు వెతుక్కోవాలి. తెలంగాణ మిత్రులకు సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ ఆధారం. అంతకు ముందరివి ఉర్దూలో ఉంటాయి గనుక చదివేవారిని వెంటబెట్టుకోవాలి.

ఇక మా కథ. మా ఊళ్లో మా ఇంటిపేరువాళ్లు రెండు చోట్ల ఉన్నారు. మేము నడివీధిలో ఉంటే, ఇంకొక ఇంటివారు చెరువు గట్టు కింద. వాళ్లకు సెంటు భూమి లేదు, తరతరాలుగా కౌలు సేద్యం. "ఇంటిపేరు ఒకటేగాని వాళ్లు మనవాళ్లు కారు" అని మా ఇంట్లో చిన్నప్పటినుంచి వింటున్న మాట. వాళ్లింట్లో పోతే మేము మైల పట్టలేదు. మా శుభకార్యాలకు వాళ్లను ఊళ్లో నలుగురిలాగా పిలిచేవారే గాని, జ్ఞాతులుగా బొట్టుపెట్టి పిలవలేదు. నేనూ ఆ మాట అడిగి ఉండేవాణ్ణి కాదు, డైగ్లాట్ చూడకపోతే.

అందులో మా తాతకు తాతగారి పట్టా ఆయన ఒక్కరి పేరున లేదు, ఉమ్మడి పట్టా. పెద ఫలానా, చిన ఫలానా అని రెండు పేర్లు. రీసెటిల్మెంటు రిజిస్టరుకు వచ్చేసరికి అవే నంబర్లలో 'చిన' ఒక్కడే మిగిలాడు. 'పెద' ఏమయ్యాడు? చనిపోయి ఉంటే కొడుకుల పేర్లు రావాలి. సంతు లేకపోయినా ఏదో ఒక కాగితం ఉండాలి. భూమి చేతులు మారితే దస్తావేజు ఉంటుంది. నూరు రూపాయలు, అంతకు పైబడ్డ స్థిరాస్తి అమ్మకాలకు రిజిస్ట్రేషను తప్పనిసరి అయింది 1860లలోనే. సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తికి ఒక ఇండెక్సు ఉంటాయి. రుసుము కట్టి వెతికించాను. ధాత కరువు నాటి సంపుటంలో దొరికింది.

అన్న అమ్మాడు, తమ్ముడు కొన్నాడు. ఇద్దరి తండ్రి పేరూ ఒకటే రాసి ఉంది. గొలుసుకట్టు రాత. నా మనుమడు దాన్ని చూసి "ఇది తెలుగేనా తాతయ్యా" అన్నాడు. షావుకారు బాకీ నిమిత్తము, కుటుంబ జీవనము నిమిత్తము అని కారణం రాశారు. ధర ఎంతో నేనిక్కడ రాయను. కరువులో భూమికి వెల ఏముంటుంది? కిందను అన్నగారి నిశానీ, సాక్షుల చేవ్రాళ్లు, దస్తూరీ ఊరి కరణానిది.

సరే, ఆ 'పెద' గారికీ చెరువుకట్ట ఇంటికీ లంకె ఏమిటి? ఇక్కడ జననమరణాల రిజిస్టరు అక్కరకు వచ్చింది. 1899 మద్రాసు చట్టం తర్వాతి పుస్తకాలు మా ఊరివి కొన్ని మిగిలాయి. అన్నగారి కొడుకు మరణం, తండ్రి పేరుతో సహా కనిపించింది. అక్కణ్ణుంచి ఇప్పటి పెద్దాయనదాకా వరస కలిసింది. పేర్లు కూడా సాక్ష్యమే. మనలో తాత పేరు మనవడికి పెడతాం కదా. మూలపురుషుడి పేరు ఒక తరం విడిచి ఒక తరంలో రెండిళ్లలోనూ వస్తోంది. అయితే పేర్లను మాత్రమే నమ్మకూడదు. ఒకే ఊళ్లో ఒకే పేరువాళ్లు నలుగురుంటారు.

అన్నిటికన్నా గట్టి రుజువు మా ఇంటి పెట్టెలోనే ఉంది. మా తాతగారి నాటి భాగపంపకాల దస్తావేజులో పెరటి దొడ్డికి హద్దులు చెబుతూ, పడమర మా జ్ఞాతి ఫలానా వారి దొడ్డి అని రాసుకున్నారు. 'జ్ఞాతి' అన్న మాట మా తాతగారే రాయించారు. అంటే ఆయనకు తెలుసు. తర్వాతి రెండు తరాల్లో ఆ మాట ఎవరు మింగేశారో తెలియదు. మా నాన్నగారు ఈ దస్తావేజును విస్తీర్ణం కోసమే చూసి ఉంటారు. హద్దులు చదివేది సర్వేయరూ, తగాదా పడేవాడూనూ.

ఇది ఇంట్లో చెప్పినప్పుడు అందరూ సంతోషించారని చెప్పలేను. "ఇప్పుడివన్నీ ఎందుకు తవ్వడం? రేపు వాళ్లు భూమి అడిగితే?" అన్నారు మా అన్నగారు. అడగడానికి చట్టంలో ఏమీ లేదని, రిజిస్టరైన క్రయమని, నూటయాభై ఏళ్లు కావస్తోందని చెప్పాను. ఆయన భయం చట్టం గురించి కాదని నాకూ తెలుసు. మన పిత్రార్జితంలో సగం పిత్రార్జితం కాదు, కరువులో అన్న దగ్గర కొన్నదని పిల్లలకు చెప్పాల్సి వస్తుంది. రెండు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. నిరుడు ఆ ఇంటి పెద్దాయన పోయినప్పుడు మాత్రం నేను చెప్పకుండానే వెళ్లి, పెద్దకర్మ దాకా మైల పట్టారు. మా వదినగారు ఆ వారం ఇంట్లో పండుగ మానేశారు. దానిమీద మా ఇద్దరి మధ్య మాటలేమీ జరగలేదు.

కాగితాల స్థితి గురించి ఒక మాట. 1984 జనవరిలో కరణాల పదవులు రద్దయినప్పుడు ఊరి లెక్కలన్నీ స్వాధీనం చేసుకున్నాం. ఒక కార్యాలయంలో ఆ కట్టలు కొన్ని చూరు కారే గదిలో నేలమీదే ఉండగా చూశాను. కొందరు కరణాలు పాతవి ఇవ్వలేదు. ఇవ్వకపోవడంవల్లనే కొన్ని బతికాయని ఇప్పుడు అనిపిస్తుంది. మీ ఊరి పూర్వపు కరణంగారి వారసులుంటే మర్యాదగా వెళ్లి అడగండి, అటక మీద ఉండవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక నకళ్లు అడగడం సులువైంది. మీభూమిలో కనిపించేది ఇటీవలి అడంగలే. దానితో తాతల దగ్గరకు పోలేం. బోర్డ్ ఆఫ్ రెవెన్యూ కాగితాలు చూడదలచినవారు మద్రాసు ఎగ్మూరు దాకా ప్రయాణం కట్టాల్సిందే.

ఇంత వెతికినా ఆడవారి పేర్లు దొరకలేదు. పట్టాలో ఉండవు, అడంగల్లో ఉండవు. పసుపుకుంకుమ కింద కూతురికి పొలం రాసినప్పుడో, భర్త పోయి మైనరు కొడుక్కి తల్లి గార్డియను అయినప్పుడో, దత్తత దస్తావేజులోనో ఒక్కసారి పేరు మెరుస్తుంది. మా వంశవృక్షంలో ఆరు తరాల మగవాళ్లు ఇరవైముగ్గురున్నారు. నా తల్లి తరానికి పైన ఆడవాళ్లు నలుగురు. అందులో ఇద్దరి పేర్లు చెరువుకట్ట ఇంటి ముసలమ్మ చెప్పగా పెన్సిలుతో రాసి ఉంచాను. వాటికింకా కాగితం దొరకలేదు.