హెబియస్ కార్పస్ రిట్ (భారతదేశం)

నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచి, ఏ చట్టం కింద పట్టి ఉంచారో చెప్పాలని అధికారులను ఆదేశించేది హెబియస్ కార్పస్ రిట్. పోలీసులు తీసుకుపోయిన మనిషి జాడ తెలియనప్పుడు కుటుంబానికి ఉన్న మొదటి దారి ఇదే. లోపల ఉన్నవాడు తానే కోర్టుకు రాలేడు కనుక భార్య, తల్లిదండ్రులు, స్నేహితులు ఎవరైనా అతని తరఫున పిటిషన్ వేయవచ్చు. ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంగ్లండులో 1679 చట్టంతో బలపడిన ఈ రిట్ కలకత్తాలో 1774లో ఏర్పడిన సుప్రీంకోర్టు ద్వారా భారతదేశానికి వచ్చింది. తరవాత 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 491వ సెక్షన్‌లో దీనికి చోటు దొరికింది. వలస ప్రభుత్వం దీన్ని ఎన్నడూ ఇష్టపడలేదు. 1943లో తల్పడే కేసులో ఫెడరల్ కోర్టు ముందస్తు నిర్బంధపు నిబంధన చెల్లదని తీర్పు చెబితే, ప్రభుత్వం వెంటనే ఆర్డినెన్సు తెచ్చి నిర్బంధాలను నిలబెట్టుకుంది. 1950లో రాజ్యాంగం ఈ రిట్ జారీచేసే అధికారాన్ని 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణం కింద హైకోర్టులకు ఇచ్చింది. అరెస్టు చేసినవారిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని 22వ అధికరణం చెబుతుంది. ముందస్తు నిర్బంధ చట్టాలకు మాత్రం ఈ నియమం వర్తించదు.

ఎమర్జెన్సీలో ఈ రక్షణ కూలిపోయింది. నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ ఎవరూ కోర్టుకు రాలేరని 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు 4-1తో చెప్పింది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఎమర్జెన్సీలోనైనా ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణం అమలును నిలిపివేయరాదని 1978లో 44వ సవరణ కట్టడి చేసింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు సూటిగా కొట్టివేయడానికి మాత్రం 2017 దాకా పట్టింది.

కుటుంబాలకు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం పోలీసులు "మా దగ్గర లేడు" అన్నప్పుడు మొదలవుతుంది. కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను 1976 మార్చిలో పోలీసులు తీసుకుపోయారు. అతని తండ్రి ఈచర వారియర్ ఏడాది పాటు తిరగని ఆఫీసు లేదు. ఎమర్జెన్సీ ఎత్తివేశాక కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. అరెస్టే జరగలేదన్న ప్రభుత్వ వాదనను 1977 ఏప్రిల్‌లో కోర్టు నమ్మలేదు. రాజన్ కస్టడీలో చనిపోయాడని చివరికి బయటపడింది. ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేశారు. తండ్రికి కొడుకు మృతదేహం కూడా దక్కలేదు. అయినా అబద్ధపు అఫిడవిట్‌తో ప్రభుత్వం తప్పించుకోలేదని ఈ కేసు రుజువు చేసింది.

మనిషిని తెచ్చి చూపలేని చోట రిట్ వల్ల ఏం ప్రయోజనమన్న ప్రశ్నకు 1980ల్లో నష్టపరిహారం రూపంలో జవాబు వచ్చింది. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బీహార్ జైలులో మగ్గిన రుదుల్ షాకు 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. మణిపూర్‌లో సైన్యం తీసుకుపోయిన ఇద్దరిని హాజరుపరచనందుకు 1984లో వారి భార్యలకు లక్ష చొప్పున చెల్లించమంది. పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఒడిశా తల్లి నీలబతి బెహరా రాసిన ఉత్తరంపై 1993లో లక్షన్నర మంజూరైంది. ప్రాణానికి ఈ మొత్తాలు ఏ మూలకూ చాలవు. కానీ ప్రాథమిక హక్కును హరించిన ప్రభుత్వం సార్వభౌమాధికారం చాటున దాక్కోలేదన్న సూత్రం వీటితోనే స్థిరపడింది.

1996 నాటి డి.కె. బసు తీర్పు అరెస్టు మెమో, దానిపై సాక్షి సంతకం, బంధువులకు కబురు తప్పనిసరి చేసింది. ఈ నియమాలు క్రమంగా చట్టంలోకి వచ్చాయి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36, 48 సెక్షన్లు వీటికి సంబంధించినవే. అక్రమంగా బంధించినవారి కోసం సోదా వారంటు ఇమ్మని 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును కూడా అడగవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలి.

రిట్‌కు పెద్ద పరిమితి రిమాండు. మేజిస్ట్రేటు రిమాండుకు పంపితే సాధారణంగా పిటిషన్ నిలవదు. బెయిలు దారి పట్టాలి. నాలుగు రోజులు గుట్టుగా ఉంచుకుని ఇవాళే పట్టుకున్నట్టు కాగితాల్లో చూపితే, అరెస్టు తేదీ మీదే వివాదం నడుస్తుంది. అందుకే పై అధికారులకూ కోర్టుకూ కుటుంబం వెంటనే పంపిన ఫిర్యాదు, దాని మీది తేదీ కేసులో కీలక సాక్ష్యమవుతాయి.