రెమింగ్టన్ మోడల్ 700

రెమింగ్టన్ మోడల్ 700 అమెరికాలోని రెమింగ్టన్ ఆర్మ్స్ సంస్థ 1962లో విడుదల చేసిన బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్. 1948 నాటి 721, 722 నమూనాలే దీనికి మూలం. వాటి రూపకల్పనలో సంస్థ ఇంజనీరు మైక్ వాకర్‌ది ప్రధాన పాత్ర.

దీని రిసీవర్ గుండ్రని ఉక్కు గొట్టం. 1898 నాటి మౌజర్‌లో కాల్పు వెనుతన్నును స్టాక్‌కు అందించే రికాయిల్ లగ్ రిసీవర్‌లోనే భాగం కాగా, ఇందులో అది రిసీవర్‌కూ బ్యారెల్‌కూ నడుమ బిగించిన విడి పలక. దీంతో తయారీ సులువై ఖర్చు తగ్గింది.

ఇలాంటి రైఫిళ్ల గురి నిలకడను సాధారణంగా 100 గజాల దూరంలో గుళ్లు పడిన గుంపు వెడల్పుతో కొలుస్తారు. అక్కడ ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు) 1.047 అంగుళాలు, అంటే 26.6 మి.మీ. కర్ర స్టాక్ తేమకు ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్కకు ఒత్తితే గుళ్లు పడే చోటు మారుతుంది. అందుకే స్టాక్ గాడిని చెక్కి వెడల్పు చేస్తారు. బ్యారెల్ కింద కరెన్సీ నోటు ఎక్కడా పట్టకుండా జరగడం దానికి పరీక్ష. రిసీవర్ కదలకుండా కింద ఎపాక్సీ పోస్తారు. స్కోప్ మౌంటు మరలు వదులైతే ఈ శ్రమంతా వృథా. ఒకే రైఫిల్‌లో తూటా రకాన్ని బట్టి కూడా గుంపు మారుతుంది. పలుచని బ్యారెల్ వరస కాల్పులకు త్వరగా వేడెక్కుతుంది కానీ, వేటలో లెక్కకొచ్చేది చల్లని బ్యారెల్ నుంచి వెలువడే మొదటి గుండే.

మోడల్ 700 యాక్షన్ ఆధారంగా రూపొందిన ఎం40ను అమెరికా మెరైన్ దళం 1966లో, ఎం24ను ఆ దేశ సైన్యం 1988లో స్నైపర్ రైఫిళ్లుగా స్వీకరించాయి.