గింజ దారి: నంద్యాల సీమ నాటు పత్తి చరిత్రలో అనువంశికత, వివిక్తత, నేల సారం

మహానంది కోనేటి నీటి కింద అరటి పండుతుంది. ఆ పారుదల దాటి పడమరగా కుందూ నది వైపు సాగితే నల్లరేగడి నేలలు విస్తరిస్తాయి. వలసపాలన నాటి పత్తి వ్యాపారంలో 'నార్తర్న్స్'గా పేరొందిన నాటు పత్తి ఈ సీమదే. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఏర్పడింది. మెండెల్ అనువంశిక సూత్రాలు మళ్లీ వెలుగు చూసి అప్పటికి ఆరేళ్లే.

ఈ నాటు పత్తి గాసిపియం ఆర్బోరియం జాతికి చెందినది. దాని కణంలో 26 క్రోమోజోములుంటాయి. 1840లలో కంపెనీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రయోగాత్మకంగా సాగు చేయించిన అమెరికన్ పత్తి గాసిపియం హిర్సూటం, దానికి 52. ఈ రెండింటినీ సంకరం చేస్తే గింజ కట్టడమే అరుదు. కట్టినా, 39 క్రోమోజోములతో పుట్టిన మొక్క సాధారణంగా గొడ్డుబోతుంది. పక్కపక్క చేలలో పెరిగినా రెండు జాతులూ కలిసిపోకపోవడానికి కారణమిదే. జీవశాస్త్రం దీనిని ప్రత్యుత్పత్తి వివిక్తత అంటుంది. నల్లమల వంటి కొండ అడ్డు లేకుండానే ఇక్కడ జాతుల మధ్య గోడ నిలిచింది.

కాబట్టి నాటు పత్తి క్షీణతకు అమెరికన్ పత్తితో సంకరం కారణం కాదు. కారణాలు మార్కెట్టులో ఉన్నాయి. మిల్లులు పొడవు పింజను కోరాయి. 1947 విభజనతో మేలురకం పత్తి పండే నేలలు చాలావరకు పాకిస్తాన్‌కు పోవడంతో ఆ అవసరం మరింత పెరిగింది. 1970లో సూరత్ నుంచి హెచ్-4 సంకర పత్తి, 2002లో బీటీ పత్తి దేశంలో ప్రవేశించాయి.

ఈ మార్పు నేల సారాన్నీ తాకింది. దూది దాదాపు పూర్తిగా సెల్యులోజ్. గాలిలోని కార్బన్, నీరు దానికి మూలాలు. మొక్క నేల నుంచి తీసుకున్న నత్రజని, భాస్వరం ప్రధానంగా చేరేది గింజలోకి. దూది అమ్ముడుపోయినా గింజ రైతు ఇంట మిగిలిన కాలంలో కొంత విత్తనమయ్యేది, కొంత ఎద్దుల మేతగా మారి పేడ రూపంలో పొలానికి చేరేది. అనువంశికతా, నేల సారమూ ఒకే గింజ ద్వారా తిరిగివచ్చేవి. జిన్నింగు, నూనె మిల్లులతో గింజ ఊరు దాటింది. సంకర రకాల గింజను దాచినా, రెండో తరంలో లక్షణాలు విడిపోతాయి. రైతు విత్తనాన్నీ, ఎరువునూ కొనవలసి వచ్చింది.

నాటు పత్తి చరిత్రను ఒక జాతి ఓటమిగా చెప్పడం చాలదు. వివిక్తత దాని వారసత్వాన్ని కాపాడింది. మొలకెత్తే గింజ ఉన్నంతవరకు ఆ జాతిని తిరిగి సాగులోకి తేవచ్చు. అయితే గింజ మళ్లీ రైతు ఇంటికి చేరకుండా, జాతి ఒక్కటే తిరిగివచ్చినంత మాత్రాన, తెగిన సారచక్రం అతుక్కోదు.