కరవు సీమలో మీటర్‌గేజి స్టేషన్లు: ధర్మవరం–పాకాల మార్గంపై ఒక పరిశీలన

అనంతపురం పీఠభూమిలో వాడుక తప్పిన చిన్న రైల్వే స్టేషన్లను గేజి మార్పుకు బలైన కట్టడాలుగానే పరిగణించడం పరిపాటి. ధర్మవరం–పాకాల మార్గ చరిత్రను గమనిస్తే, ఆ క్షీణతకు మూలం వలసపాలన కాలంలో కరవు నివారణకు ఎంచుకున్న పద్ధతిలోనే కనిపిస్తుంది.

మద్రాసు–రాయచూరు బ్రాడ్‌గేజి మార్గం 1871 నాటికే తాడిపత్రి, గుత్తి మీదుగా పూర్తయింది. అయినా 1876–78 నాటి ధాత కరవులో ప్రాణనష్టం ఆగలేదు. స్టేషన్‌లో దిగిన ధాన్యం పల్లెకు చేరాలంటే ఎద్దుబండ్లు కావాలి. మేత, నీరు లేక ఆ ఎడ్లే చనిపోయాయి. మార్గానికి దూరంగా ఉన్న కదిరి వంటి తాలూకాలకు రైలు ఉన్నా లేనట్టే అయింది.

దేశానికి మొత్తం 20,000 మైళ్ల రైలు మార్గాలు ఉండాలని, 5,000 మైళ్లు తక్షణం నిర్మించాలని 1880 నాటి కరవు కమిషన్ సూచించింది. కరవు రక్షణ మార్గాల కోసం 1882లో సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1890ల ఆరంభానికి ఆ సంస్థ గుంతకల్లు–హిందూపురం మార్గాన్ని, సౌత్ ఇండియన్ రైల్వే ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు మీదుగా ధర్మవరం–పాకాల మార్గాన్ని నడిపాయి. పొదుపు కోసం రెండింటికీ మీటర్‌గేజినే ఎంచుకున్నారు. ఫలితంగా 1,676 మిల్లీమీటర్ల మార్గంపై వచ్చిన బస్తాలను గుంతకల్లులో దింపి, 1,000 మిల్లీమీటర్ల మార్గపు బండ్లలోకి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది.

రైళ్లకు పెట్టిన పెట్టుబడిలో నీటిపారుదలకు తగిన వాటా దక్కలేదని రమేశ్ చంద్ర దత్తు విమర్శించారు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే ఈ జిల్లాకు ఆ విమర్శ సూటిగా వర్తిస్తుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు జిల్లాకు చేరింది స్వాతంత్ర్యానంతరమే. రైలు బయటి ధాన్యాన్ని తేగలిగింది గాని పొలానికి నీటిని తేలేకపోయింది. వాన తప్పినప్పుడు అదే రైలు జనాన్ని వలసకు మోసుకుపోయింది.

ఆవిరి ఇంజన్లు పోవడంతో నీటి కోసం ఆగే అవసరం తీరింది. 1992లో మొదలైన ఏక గేజి విధానం కింద ధర్మవరం–పాకాల మార్పిడి 2010 నాటికి పూర్తయింది. మార్గం నిలిచింది, మీటర్‌గేజి అవసరాలకు అమర్చిన స్టేషన్ వ్యవస్థ అంతరించింది. కాబట్టి ఈ స్టేషన్ల చరిత్రను రైల్వే రికార్డులతో పాటు చెరువులు, కాలువలు, వలసల రికార్డులతో కలిపి చదవవలసి ఉంటుంది.